కునుకు ఎవరి నేరం? – కెనడాలో అలసట చరిత్ర

1986 ఫిబ్రవరి 8, శనివారం. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో, రాకీ పర్వతాలకు తూర్పున ఉన్న హింటన్ అనే చిన్న ఊరి దగ్గర అప్పుడే తెల్లవారింది. జాస్పర్ మీదుగా వచ్చిన వయా రైల్ సంస్థ ప్రయాణికుల బండి హింటన్ స్టేషను దాటి తూర్పుగా ఎడ్మంటన్ వైపు సాగుతోంది. దానికి ఎదురుగా, ఎడ్సన్ నుంచి ఉదయం 6.40కి బయలుదేరిన కెనేడియన్ నేషనల్ కంపెనీ గూడ్సుబండి వందకు పైగా వ్యాగన్లతో పడమటికి వస్తోంది. ఆ ప్రాంతంలో ఎక్కువ భాగం ఒంటి పట్టాల మార్గమే. హార్గ్వెన్ నుంచి డేల్‌హర్స్ట్ వరకు సుమారు 18 కిలోమీటర్ల మేర మాత్రం జంట పట్టాలు ఉండేవి. జంట పట్టాలు ముగిసేచోట గూడ్సుబండి ఆగి, ఎదురుబండికి దారి ఇవ్వాలి. అందుకు హెచ్చరికగా ముందు ఒక సిగ్నల్, తరవాత ఎర్రదీపం రెండూ సరిగ్గానే వెలిగాయి. గూడ్సుబండి ఆగలేదు, వేగం కూడా తగ్గించలేదు. గంటకు దాదాపు 96 కిలోమీటర్ల వేగంతో ఎర్రదీపాన్ని దాటి ఒంటి పట్టాల మీదికి వచ్చింది. మరో ఇరవై సెకన్లకు రెండు బండ్లూ ముఖాముఖి ఢీకొన్నాయి. అప్పుడు సమయం 8 గంటల 40 నిమిషాలు. మొత్తం 23 మంది చనిపోయారు.

గూడ్సుబండి ముందు ఇంజనులో ఉన్న ఇద్దరూ మృతుల్లో ఉన్నారు. వెనుక చివరి పెట్టెలో ఉన్న కండక్టరు బతికాడు. రేడియోలో పిలిచినా ముందు ఇంజను నుంచి జవాబు రాలేదని అతను చెప్పాడు. అలాంటప్పుడు తానే అత్యవసర బ్రేకు లాగవలసింది. లాగలేదు.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నది తెలుగువారి నోట నిత్యం నలిగే సామెత. అలసినవాడికి కటికనేల కూడా పట్టుపరుపే అన్న అర్థంలో దాన్ని వాడతారు. శరీరధర్మ శాస్త్రం దృష్టితో చూస్తే అందులో మరింత కఠినమైన సంగతి ఉంది. ఒక హద్దు దాటాక నిద్ర మనిషి అనుమతి కోసం ఆగదు. స్థలం చూడదు, సమయం చూడదు, చేతిలో ఉన్న పని ఎంత ప్రమాదకరమైనదో చూడదు. కళ్ళు తెరుచుకొనే ఉన్నా మెదడు కొన్ని సెకన్ల పాటు నిద్రలోకి జారిపోవచ్చు. జారిన సంగతి ఆ మనిషికే తెలియకపోవచ్చు. మరి అలాంటి కునుకు వల్ల ప్రాణాలు పోతే తప్పు ఎవరిది? కునికినవాడిదా, అతన్ని కునికే స్థితికి తెచ్చినవాడిదా? కెనడా ఈ ప్రశ్నను రైలు పట్టాల మీద, న్యాయస్థానంలో, ఆసుపత్రి వరండాల్లో, ఆకాశంలో వేరువేరు కాలాల్లో ఎదుర్కొంది. ఎదుర్కొన్న ప్రతిసారీ జవాబు కొంచెం మారింది.

ఈ చరిత్రకు మొదలు గడియారంలోనే ఉంది. రైళ్ళు రాకముందు ఏ ఊరి సూర్యుడు ఆ ఊరిదే. తెలుగునాట రోజుకు 60 ఘడియలు, జాముకు ఏడున్నర ఘడియలు. పొద్దు నడినెత్తికి వచ్చిందంటే మధ్యాహ్నం అయినట్టే. కెనడాలో కూడా ప్రతి పట్టణం తన మధ్యాహ్నాన్ని తానే నిర్ణయించుకునేది. ఖండం ఈ కొస నుంచి ఆ కొసకు పట్టాలు పరచవలసి వచ్చినప్పుడు ఆ పద్ధతి ఇక సాగలేదు. కెనేడియన్ పసిఫిక్ రైలుమార్గానికి తొలినాళ్ళలో ప్రధాన ఇంజనీరుగా పనిచేసిన సాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ 1876లో ఐర్లండులో ఒక రైలు తప్పిపోయాడు. కారణం, సమయపట్టికలో ఉదయం, సాయంత్రం తారుమారుగా అచ్చుకావడం. ప్రపంచమంతటికీ 24 గంటల ప్రామాణిక సమయం ఉండాలన్న అతని పట్టుదలకు ఆ రాత్రి స్టేషనులో పడిన నిరీక్షణే మొదలని చెబుతారు. 1883 నవంబరు 18న ఉత్తర అమెరికా రైల్వేలన్నీ ప్రామాణిక సమయానికి మారాయి. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం గ్రీనిచ్ రేఖను మూలరేఖగా ఆమోదించింది. భారతదేశంలో అప్పటికే రైళ్ళు మద్రాసు సమయాన్ని పాటిస్తున్నాయి. 1906 నుంచి ఇప్పటి భారత ప్రామాణిక సమయం వచ్చింది.

సూర్యుడికి, మనిషి లేచే వేళకు మధ్య ముడి వదులు కావడం అక్కడ మొదలైంది. పాతికేళ్ళకు కెనడాయే మరో అడుగు ముందుకు వేసింది. 1908 జులై 1న ఆంటారియోలోని పోర్ట్ ఆర్థర్ పట్టణం తన గడియారాలను వేసవి కోసం ఒక గంట ముందుకు తిప్పుకుంది. ఇప్పుడది థండర్ బే నగరంలో భాగం. సాయంత్రపు వెలుగు మరో గంట అనుభవించవచ్చని జాన్ హ్యూయిట్సన్ అనే స్థానికుడు పట్టుబట్టి సాధించిన ఏర్పాటు అది. జర్మనీ యుద్ధకాలపు పొదుపు కోసం ఆ పని చేయడానికి ఎనిమిదేళ్ళ ముందే ఒక చిన్న రేవు పట్టణం చేసి చూపించింది. పోగొట్టుకున్న గంట ఎక్కడికి పోయిందన్న ప్రశ్న చాలాకాలం ఎవరూ వేయలేదు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు స్టాన్లీ కోరెన్ 1990ల తొలి ఏళ్ళ కెనడా రోడ్డుప్రమాదాల లెక్కలు తీసి, వసంతంలో గడియారం ముందుకు జరిగిన మర్నాటి సోమవారం ప్రమాదాలు సుమారు 8 శాతం పెరిగాయని 1996లో ప్రకటించాడు. తరవాత వచ్చిన అధ్యయనాలన్నీ ఆ అంకెతో ఏకీభవించలేదు. అయినా ఒక్క గంట నిద్ర కూడా లెక్కకు వచ్చే వస్తువేనన్న స్పృహ జనంలోకి వెళ్ళింది. సస్కాచవాన్ రాష్ట్రం 1966 నాటి చట్టంతోనే ఈ తిప్పుడు వ్యవహారానికి దూరంగా ఉంది. యూకాన్ 2020లో మానుకుంది.

మళ్ళీ రైలు దగ్గరికి. గుంతకల్లు, కాజీపేట, విజయవాడ వంటి జంక్షన్ల రైల్వే కాలనీల్లో పెరిగినవారికి ‘కాల్‌బాయ్’ అన్న మాట గుర్తుండే ఉంటుంది. అర్ధరాత్రో అపరాత్రో వచ్చి తలుపుతట్టి, డ్రైవరును లేపి, ఫలానా బండికి డ్యూటీ పడిందని చెప్పి సంతకం తీసుకుని వెళ్ళే మనిషి. కెనడాలో ఆ పని టెలిఫోను చేసేది. గూడ్సుబండ్లకు నిర్ణీతమైన వేళ లేదు, సరుకు సిద్ధమైనప్పుడు బండి కదులుతుంది. వరుసలో తన పేరు ఎప్పుడు వస్తుందో డ్రైవరుకు కచ్చితంగా తెలియదు. సాయంత్రం వస్తుందనుకుని పగలు పడుకుంటే పిలుపు మరుసటి ఉదయానికి జరగవచ్చు. ఉదయమే కదా అని రాత్రి పిల్లలతో కూర్చుంటే పన్నెండింటికే ఫోను మోగవచ్చు. పని గంటలు తక్కువే కనిపించినా నిద్ర మాత్రం ఎప్పుడూ చిందరవందరే.

1982లో జూరిక్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్‌బెలీ ప్రతిపాదించిన నమూనా ఇక్కడ ఉపకరిస్తుంది. మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో నిద్ర కోసం ఒత్తిడి పేరుకుంటుంది, వడ్డీతో పెరిగే అప్పులాగా. దానితో నిమిత్తం లేకుండా మెదడులోని గడియారం రోజుకొకసారి ఆటుపోట్లను నడుపుతుంది. ఆ గడియారం ప్రకారం తెల్లవారుజామున శరీర ఉష్ణోగ్రత, చురుకుదనం అడుగంటుతాయి. అప్పు బాగా పెరిగి, ఆటు కూడా ఆ వేళకే వస్తే మనిషి ఎంత గట్టివాడైనా తూగుతాడు. పగటివేళ ‘ముందుగానే’ పడుకోమని సలహా ఇచ్చేవారు ఈ రెండో సంగతి మరచిపోతారు. గడియారం మెలకువగా ఉండమంటున్నప్పుడు మంచమెక్కినంత మాత్రాన నిద్ర రాదు. కాఫీ చేసేది అప్పు తీర్చడం కాదు, అప్పులవాడికి కాసేపు తలుపు తీయకుండా ఉండడం. నిద్ర ఒత్తిడిని మెదడుకు తెలిపే అడినోసిన్ అనే రసాయనానికి అది అడ్డుపడుతుందంతే.

విచిత్రమేమంటే, హింటన్ ప్రమాదానికి ముందటి ఏడాదే, టొరంటోలోని కెనడా రక్షణశాఖ పరిశోధన సంస్థలో రాబర్ట్ ఆంగస్, రోనాల్డ్ హెసిల్‌గ్రేవ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ విషయం మీదే ముఖ్యమైన పత్రం ప్రచురించారు. కొందరిని సుమారు 54 గంటలు మెలకువగా ఉంచి, సైనిక సమాచార కేంద్రంలో చేసే లాంటి పని ఎడతెగకుండా చేయించారు. పనితీరు నున్నగా జారిపోలేదు, మెట్లుమెట్లుగా పడింది. పగలు కాస్త నిలదొక్కుకుని, రాత్రి మరో మెట్టు దిగింది. సైన్యానికి ఈ జ్ఞానం అవసరమని దేశం గుర్తించింది. రైల్వేకు కూడా అవసరమేనని గుర్తించడానికి 23 ప్రాణాలు పోవలసి వచ్చింది.

విచారణ కమిషన్‌కు ఆల్బర్టా న్యాయమూర్తి రెనే ఫోయిజీ అధ్యక్షుడు. 56 రోజులు బహిరంగ విచారణ జరిపి, 1987 జనవరిలో నివేదిక ఇచ్చాడు. ముందు ఇంజనులోని ఇద్దరిలో ఒకరు అంతకు ముందు రాత్రి 5 గంటలు, మరొకరు మూడున్నర గంటలు మాత్రమే నిద్రపోయారని తేలింది. డ్రైవరు ఆరోగ్యం బాగాలేదని, గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉండవచ్చన్న అనుమానమూ కమిషన్ ముందుకు వచ్చింది. చివరి నిమిషాల్లో ఇంజనులో ఏం జరిగిందో చెప్పగలిగినవారెవరూ మిగలలేదు. కాబట్టి కునుకే కారణమని నిర్ధారించడం సాధ్యం కాలేదు.

ఫోయిజీ నివేదికను చదవదగినదిగా చేసింది అక్కడితో ఆగకపోవడం. డ్రైవరు నిద్రపోయినా, స్పృహతప్పినా బండి ఆగడానికి ఇంజనులో కాలితో నొక్కి ఉంచవలసిన పెడల్ ఒకటి ఉంటుంది. కాలు తీస్తే హెచ్చరిక మోగి, బ్రేకులు పడతాయి. గంటల తరబడి కాలు నొక్కి ఉంచడం కష్టం. అందుకని డ్రైవర్లు దాని మీద బరువు పెట్టేవారు. అరిగిపోయిన బ్రేకు దిమ్మ ఇందుకు చక్కగా సరిపోయేది. ఆ రోజు కూడా అలా పెట్టారా అన్నది శిథిలాల్లో తేలలేదు. నిర్ణీత వ్యవధిలో బొత్తాం నొక్కకపోతే బండిని ఆపేసే మెరుగైన పరికరం అదే బండి రెండో ఇంజనులో ఉంది. ముందు ఇంజనులో లేదు. సౌకర్యవంతమైన గది ఉన్న ఇంజనును ముందు పెట్టడం ఆనవాయితీ, అందుకు యాజమాన్యం, యూనియన్ రెండూ సమ్మతించాయి. ఎడ్సన్‌లో సిబ్బంది మారేటప్పుడు బండిని పూర్తిగా ఆపకుండా, మెల్లగా కదులుతుండగానే ఎక్కి దిగడం కూడా ఆనవాయితీయే. ఇంధనం, సమయం కలిసివస్తాయి. ఆగినప్పుడు చేయవలసిన బ్రేకు పరీక్ష మాత్రం ఎగిరిపోతుంది. ఇవన్నీ గమనించిన ఫోయిజీ ఏ ఒక్క వ్యక్తినీ దోషిగా నిలబెట్టలేదు. భద్రత కంటే విధేయతకు, ఉత్పత్తికి పెద్దపీట వేసే ‘రైల్వేవారి సంస్కృతి’ని తప్పుపట్టాడు. అంతవరకు ప్రమాద విచారణల్లో ‘మానవ తప్పిదం’ అన్న మాట ముగింపువాక్యంగా ఉండేది. ఈ నివేదికలో అది ప్రశ్నకు ప్రారంభమైంది.

దాదాపు అదే కాలంలో అదే ప్రశ్న మరింత వింతరూపంలో న్యాయస్థానానికి వచ్చింది. 1987 మే నెలలో ఒక రాత్రి టొరంటో శివార్లలో ఒక యువకుడు నిద్రలో లేచి, కారు నడుపుకుంటూ 20 కిలోమీటర్లకు పైగా వెళ్ళి, అత్తమామల మీద దాడి చేశాడు. అత్త మరణించింది. తరవాత తానే పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. అప్పుల ఊబిలో, ఉద్యోగం పోయి, అంతకు ముందు రోజుల్లో అతనికి సరైన నిద్ర లేదు. అట్టావాకు చెందిన నిద్రావైద్య నిపుణుడు రోజర్ బ్రౌటన్ సాక్ష్యం ఇచ్చినవారిలో ఒకరు. నిద్రలో నడక, నిద్రలో భయంతో కేకలు వేయడం కలల ఫలితం కాదని, గాఢనిద్ర నుంచి సగం మాత్రమే మేలుకోవడం వల్ల కలుగుతాయని 1968లోనే సైన్స్ పత్రికలో రాసిన వ్యక్తి ఆయన. జ్యూరీ నిందితుణ్ణి నిర్దోషిగా వదిలిపెట్టింది. 1992లో కెనడా సుప్రీంకోర్టు పార్క్స్ కేసుగా పేరొందిన ఆ తీర్పును సమర్థించింది. సంకల్పం లేని చోట నేరం లేదన్నది దాని సారం. చాలామందికి అది మింగుడుపడలేదు, ఇప్పటికీ న్యాయశాస్త్ర విద్యార్థులు దాని మీద వాదులాడుకుంటారు. అయితే ఆ కేసు అత్యంత అరుదైనది. ప్రతిరోజూ జరిగే కునుకుకు ఆ తర్కం చెల్లదు, ఎందుకంటే తూగుతున్నానని తెలిసి కూడా స్టీరింగు వదలనివాడికి తెలివి ఉన్న క్షణం ఒకటి ముందు ఉండే ఉంటుంది. ఆ క్షణంలో ఆగే స్వేచ్ఛ అతనికి ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఆ స్వేచ్ఛ లేనివారిలో వైద్యులు ఉన్నారంటే బయటివారికి ఆశ్చర్యం కలుగుతుంది. రెసిడెంటు అన్న పేరే ఆసుపత్రిలో నివసించేవాడన్న అర్థంలో వచ్చింది. ఆంటారియోలో పుట్టి, మాంట్రియాల్‌లో మెగిల్ విశ్వవిద్యాలయంలో చదివి, బోధించిన విలియం ఆస్లర్, 1889లో బాల్టిమోర్‌లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆ శిక్షణా విధానాన్ని నిలబెట్టినవారిలో ఒకడు. శస్త్రచికిత్స విభాగంలో అదే పనిని మరింత కఠోరంగా చేసినవాడు విలియం హాల్‌స్టెడ్. మత్తుమందుగా కొకెయిన్‌ను తన మీదే ప్రయోగించుకుని దానికి బానిస అయిన మనిషి ఆయన. నిద్ర లేకుండా పనిచేయగలగడమే సర్జన్ లక్షణమన్న ఆదర్శం అలాంటి చేతుల మీదుగా వచ్చిందన్నది వైద్యవిద్య అంత తరచుగా చెప్పుకోని సంగతి.

కెనడాకు నిద్రలేమి కీర్తిగాథ కూడా ఒకటి ఉంది. 1920 అక్టోబరు 30 రాత్రి, ఆంటారియోలోని లండన్ నగరంలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువ సర్జన్ మర్నాటి పాఠం కోసం క్లోమం గురించి ఒక వ్యాసం చదివి పడుకున్నాడు. నిద్రపట్టలేదు. రెండు గంటలకు లేచి నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకున్నాడు. ఇన్సులిన్ కథ అక్కడ మొదలైంది. నిద్ర చెడగొట్టుకున్నవాడే ఘనుడన్న నమ్మకానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ రాత్రి బాంటింగ్ చేతిలో రోగి ప్రాణం లేదన్న తేడాను మాత్రం ఈ కథ చెప్పేవారు గమనించరు.

హౌస్‌సర్జన్లుగా ఉస్మానియా, కింగ్ జార్జ్ వంటి పెద్దాసుపత్రుల్లో రెండు రోజుల డ్యూటీ ఒక్క బిగిన చేసినవారికి ఆ కథలు చెప్పుకోవడంలో ఒక గర్వం ఉంటుంది. కెనడాలో కూడా ఆ గర్వం తక్కువేమీ కాదు. దాన్ని చట్టపరంగా ప్రశ్నించింది క్విబెక్ రెసిడెంట్లు. మెగిల్ విశ్వవిద్యాలయ ఆసుపత్రుల సముదాయానికి వ్యతిరేకంగా వారు తెచ్చిన ఫిర్యాదును విచారించిన మధ్యవర్తి జాన్-పియర్ లూసియే, 2011 జూన్‌లో సంచలనాత్మకమైన తీర్పు ఇచ్చాడు. ఆసుపత్రిలోనే ఉండి 24 గంటలు ఏకబిగిన పనిచేయించడం కెనడా హక్కుల పత్రంలోని 7వ అధికరణకు, ఉద్యోగి ఆరోగ్యానికి, భద్రతకు హామీ ఇచ్చే క్విబెక్ హక్కుల పత్రానికి విరుద్ధమన్నాడు. 2012 జులై నుంచి క్విబెక్‌లో ఆ పరిమితి 16 గంటలైంది. న్యూయార్క్‌లో 1984లో ఒక యువతి మరణం తరవాత వచ్చిన నియమాలు రోగుల భద్రత పేరుతో వచ్చాయి. ఇక్కడ తేడా ఏమిటంటే, నిద్ర డాక్టరుకే ఒక హక్కు అయింది.

కథ ఇక్కడితో సుఖాంతమైతే రాయడానికి ఏమీ ఉండేది కాదు. బోస్టన్‌లో 2004లో ప్రచురితమైన ప్రయోగంలో, పాత పద్ధతిలో పనిచేసిన ఇంటర్న్‌లు గంటలు తగ్గించినవారి కంటే 36 శాతం ఎక్కువ తీవ్రమైన తప్పులు చేశారని తేలింది. కానీ 2015లో టొరంటోలో రెండు ఐసీయూలలో 47 మంది రెసిడెంట్లతో 24, 16, 12 గంటల రాత్రి డ్యూటీలను పోల్చి చూస్తే రోగులకు జరిగిన హానిలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 24 గంటలు చేసినవారి శరీరబాధలే ఎక్కువగా ఉన్నాయి. అదే ఏడాది ఆంటారియోలో సుమారు 39,000 మంది రోగుల రికార్డులు పరిశీలించిన గోవిందరాజన్ బృందం, రాత్రి పనిచేసి పగలు ఆపరేషన్లు చేసిన వైద్యుల ఫలితాలు మిగతావారి ఫలితాలకు తీసిపోలేదని చూపింది. డ్యూటీ చిన్నదైతే చేతులు మారడం ఎక్కువవుతుంది. ప్రతి అప్పగింతలోనూ రోగి గురించి ఏదో ఒక మాట జారిపోతుంది. అనుభవజ్ఞుడైన సర్జన్ మర్నాటి ఆపరేషన్ వాయిదా వేసుకోగలడు, రెసిడెంటు వేసుకోలేడు. ఈ లెక్కలను చూపి అలసట వల్ల నష్టం లేదనడం పొరపాటు. ఇంటికి కారు నడుపుకుంటూ వెళ్ళే డాక్టరు ఈ లెక్కల్లో లేడు. 17 గంటల మెలకువ రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నంత పని చేస్తుందని 1997లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపించారు. తాగి వచ్చిన డాక్టరును వార్డులోకి రానివ్వరు. నిద్రలేకుండా వచ్చినవాణ్ణి మెచ్చుకుంటారు.

కునుకు తీయనిస్తే సమస్య తీరుతుందా? 2011 జనవరి 14 రాత్రి టొరంటో నుంచి జూరిక్ వెళ్తున్న ఎయిర్ కెనడా బోయింగ్ 767 అట్లాంటిక్ మీద ఉంది. నియమాల ప్రకారం సహపైలట్ తన సీటులోనే కునుకు తీయవచ్చు, కానీ 40 నిమిషాలకు మించకూడదు. అతను 75 నిమిషాలు పడుకున్నాడు. లేచిన కొద్దిసేపటికే ఆకాశంలో మెరుస్తున్న శుక్రగ్రహాన్ని ఎదురుగా వస్తున్న విమానమనుకున్నాడు. ఆ తరవాత నిజంగానే వెయ్యి అడుగుల కింద ఎదురు వస్తున్న అమెరికా సైనిక విమానాన్ని చూసి, ఢీకొంటుందన్న భయంతో విమానాన్ని ఒక్కసారిగా కిందికి వంచాడు. బెల్టు పెట్టుకోని 14 మంది ప్రయాణికులు, ఇద్దరు సిబ్బంది గాయపడ్డారు. వేగుచుక్కను విమానమనుకోవడం నవ్వుతెప్పించవచ్చు, కానీ గాఢనిద్రలోంచి లేపబడ్డ మెదడు తొలి పావుగంట అరగంట ఎలా ఉంటుందో తెలిసినవారికి నవ్వు రాదు. నిద్రాజడత్వం అంటారు దాన్ని. అర్ధరాత్రి ఫోనుకు లేచి మందు మోతాదు చెప్పిన ఏ డాక్టరునైనా అడగవచ్చు. రవాణా భద్రతా మండలి నివేదిక తరవాత పైలట్ల పని గంటల నియమాల మీద ఏళ్ళ తరబడి చర్చ జరిగి, 2018 డిసెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. పెద్ద విమాన సంస్థలకు అవి 2020 చివర అమలయ్యాయి.

వ్యవస్థ పట్టించుకోని మరో అలసట మంచం మీదే పుడుతుంది. రాత్రంతా పడుకుని కూడా పగలు తూగే మనిషిని సోమరి అనడం మన ఇళ్ళలో మామూలు. గుర్రుపెట్టి పడుకునేవాడికి మంచి నిద్ర పడుతుందనుకోవడం కూడా. గొంతు మూసుకుపోయి రాత్రి వందలసార్లు ఊపిరి ఆగే జబ్బుకు మొట్టమొదటి సుఖమైన చికిత్స, ముక్కు ద్వారా గాలి ఒత్తిడి పంపే యంత్రం, 1981లో సిడ్నీ నుంచి కాలిన్ సలివన్ ప్రకటించినదే. దానికి ముందు అతను టొరంటోలో ఎలియట్ ఫిలిప్సన్ దగ్గర కుక్కల నిద్రలో శ్వాసను పరిశోధించాడు. ఆ అనుభవమే అతన్ని ఆ ముసుగు వైపు నడిపింది. ఇక నిద్రపట్టని జబ్బుకు మాత్రలు కాకుండా అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే చికిత్సను ప్రపంచం ముందు నిలిపినవారిలో క్విబెక్ నగరంలోని లావల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్ల్స్ మోరిన్ ప్రముఖుడు. ఆయన రూపొందించిన ఏడు ప్రశ్నల కొలమానం ఇప్పుడు ఎన్నో భాషల్లో ఉంది. నిద్రపట్టనివాడు మంచం మీద తక్కువ సేపు ఉండాలన్న ఆ చికిత్సలోని సూత్రం వినగానే రోగులు కోప్పడతారు. పనిచేస్తుంది మాత్రం. పెద్దలకు వ్యాయామంతో పాటు నిద్రను కూడా చేర్చి, 24 గంటలకూ కలిపి కెనడా 2020లో మార్గదర్శకాలు ప్రకటించింది. 64 ఏళ్ళలోపు పెద్దలకు 7 నుంచి 9 గంటలు అన్నది ఆ సలహా.

సలహా వినే వీలు అందరికీ ఒకేలా ఉండదు. శీతకాలంలో టొరంటోకు, హైదరాబాదుకు మధ్య తేడా పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర. అక్కడి ఆఫీసుతో మాట్లాడాలన్నా, అక్కడి ఆసుపత్రిలో ఉన్న తండ్రి సంగతి కనుక్కోవాలన్నా ఇక్కడి రాత్రినే కోసుకోవాలి. డిసెంబరులో ఎడ్మంటన్‌కు దక్కే పగలు ఏడున్నర గంటలు, హైదరాబాదుకు దాదాపు పదకొండు. శరీరంలోని గడియారం రోజూ సరిచేసుకునేది ఉదయపు వెలుగుతోనే కాబట్టి, చీకట్లో వెళ్ళి చీకట్లో వచ్చేవారికి ఈ లోటు లెక్కకు వస్తుంది. తెలుగువారి ఊహలో ఒకరి నిద్రను మరొకరు మోయడం ఉంది. అడవిలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు మేలుకోగలిగితే, అంతఃపురంలో ఊర్మిళ ఆ నిద్రను తాను పోయింది. ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళాదేవి నిద్రకు అంత చోటు దక్కడంలో ఆశ్చర్యం లేదు, రాత్రుళ్ళు పసిబిడ్డలతో, రోగులతో మేలుకున్నది వారే కదా. మెలకువకు ఎవరో ఒకరు నిద్రతో మూల్యం చెల్లించాలన్న లెక్క మాత్రం ఆ కథకు తెలుసు.

హింటన్ తరవాత రైల్వేలో మార్పు నెమ్మదిగా వచ్చింది. 1990ల మధ్యలో రైలు కంపెనీలు, డ్రైవర్ల యూనియన్ కలిసి ‘కెనలర్ట్’ పేరుతో జాస్పర్, కాల్గరీ కేంద్రాలుగా ఒక ప్రయోగం చేశాయి. పిలుపు ఏ వేళల మధ్య రావచ్చో ముందే నిర్ణయించడం, విశ్రాంతి గదుల్లో చీకటి, నిశ్శబ్దం ఉండేలా చూడడం, ఆగి ఉన్న ఇంజనులో కొద్దిసేపు కునుకును అనుమతించడం అందులో ముఖ్యాంశాలు. అంతకు ముందు కునుకు శిక్షార్హమైన నేరం. ప్రయోగం ఫలితాలు ఆశాజనకంగా ఉన్నా, అది దేశవ్యాప్త నియమం కాలేదు. రవాణా భద్రతా మండలి 2016లో గూడ్సుబండి సిబ్బంది అలసటను తన ముఖ్య హెచ్చరికల జాబితాలో చేర్చింది, రెండేళ్ళకు ఓడలను, విమానాలను కూడా జతపరిచింది. 2020లో ప్రభుత్వం ఆమోదించిన కొత్త నియమాలు డ్యూటీ గరిష్ఠ పరిమితిని 16 గంటల నుంచి 12కు తగ్గించాయి. సొంత ఊళ్ళో కనీస విశ్రాంతిని 8 గంటల నుంచి 12కు, పొరుగూళ్ళో 6 నుంచి 10కి పెంచాయి. గూడ్సుబండ్లకు అవి అమలులోకి వచ్చింది 2023 మే నెలలో. డేల్‌హర్స్ట్ దగ్గర ఎర్రదీపం దాటిన ఉదయానికి అప్పటికి 37 ఏళ్ళు.

మరుసటి ఏడాది, 2024 ఆగస్టు 22న, దేశంలోని రెండు పెద్ద రైలు కంపెనీలూ ఒకేసారి సుమారు 9,300 మంది సిబ్బందికి తలుపులు మూశాయి. జీతాలతో పాటు వివాదంలో ఉన్నది పని వేళలు, విశ్రాంతి. ఒప్పందాల్లో ఉన్న అలసట రక్షణలను ఊడదీయాలని చూస్తున్నారని యూనియన్ అంది. కొత్త నియమాలకు అనుగుణంగానే తమ ప్రతిపాదనలు ఉన్నాయని కంపెనీలు అన్నాయి. ప్రభుత్వం కొద్ది గంటల్లోనే జోక్యం చేసుకుని వివాదాన్ని మధ్యవర్తికి అప్పగించింది. బండ్లు మళ్ళీ కదిలాయి.